మమ్మల్ని బొమ్మలనకండి

ఆ వేళ ఆదివారం. వినాయకచవితి వెళ్ళి రెండు రోజులు. మా ఇంట్లో స్వామిని ఇంకా నిమజ్జనం చెయ్యలేదు. పీట చుట్టూ పత్రి వాడిపోయి రాలుతోంది. దీపం పెట్టి, చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వస్తే టీవీలో అడుగున అక్షరాలు పరిగెడుతున్నాయి. మద్రాసులో బాపు గారు పోయారుట. 2014 ఆగస్టు 31.

"ఎనభై ఏళ్ళుంటాయిగా" అన్నారు మావారు, అదేదో ఊరట మాట అయినట్టు.

నాకు మాత్రం ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదు. అయినా నా చిన్నప్పటి నుంచీ వారం వారం మా గుమ్మంలోకి వచ్చిన మనిషి ఆయన. చుట్టాలు కూడా అంత క్రమం తప్పకుండా రారు.

ఏడుద్దామనుకునే లోపలే ఒళ్ళు మండుకొచ్చింది. ఎందుకంటారా? టీవీ ఎక్కడ పెట్టినా, మర్నాడు పేపరు ఏ పేజీ తిప్పినా ఒకటే మాట. బాపు బొమ్మ, బాపు బొమ్మ, బాపు బొమ్మ! తెలుగింటి ఆడపిల్ల ఎలా ఉండాలో ఆయన గీసి చూపించారుట. ఆ వాలుజడ, ఆ కాటుక కళ్ళు, ఆ సన్నటి నడుమూ ఈ కాలం పిల్లల్లో ఏవండీ అని ఒక పెద్దమనిషి కళ్ళొత్తుకున్నాడు. మా కాలనీ వాళ్ళు సంతాపసభ పెడితే వెళ్ళాను. అధ్యక్షులవారు మైకు పుచ్చుకుని, ముందు వరసలో పంజాబీ డ్రెస్సు వేసుకుని కూర్చున్న కాలేజీ పిల్లని చూపించి, "ఇదిగో, ఇలాంటివాళ్ళు ఆయన బొమ్మలు చూసి నేర్చుకోవాలి" అన్నారు. పోయినాయన మీద గౌరవం కొద్దీ పరీక్షలు పెట్టుకుని కూడా వచ్చిన పిల్ల, పాపం, తల వంచుకుంది. వెనకాల కట్టిన ఫ్లెక్సీ మీద 'అశ్రునివాళి' అని ఇంత లావు అక్షరాలు. ఆ అక్షరాలూ ఆయనవే! ఆయన చేతిరాత కంప్యూటర్లోకి ఎక్కిన దగ్గర్నుంచీ శుభలేఖ మొదలు పదోరోజు కార్డు దాకా అందరికీ అదే దిక్కాయె. తన సంతాపసభకి తనే బోర్డు రాసుకున్నట్టుంది. ఉండి ఉంటే దానిమీద ఒక కార్టూను వేసేవారు.

ఇంతకీ నా కోపానికి వెనక కథ ఒకటుంది. అది చెప్పకపోతే మీరు నన్ను గయ్యాళి కింద జమకట్టేస్తారు.

1973లో మా అక్కకి పెళ్ళిచూపులు. అప్పుడు మేం తణుకులో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు, అక్కకి పంతొమ్మిది. వీక్లీ వచ్చే రోజున పేపరు కుర్రాడి సైకిలు బెల్లు వినపడకముందే మేమిద్దరం వీధరుగు మీద సిద్ధం. ముందెవరు చూడాలన్నదానికి మా ఇద్దరికీ జుట్టూ జుట్టూ ముడిపడేది. చూడాలి అంటున్నాను గమనించండి. చదవడం ఆనక సంగతి. అక్క సీరియల్ పేజీ తీసి, అక్షరాల మీద అరచెయ్యి మూసిపెట్టి, ముందు బొమ్మ ఒక్కటే చూసేది. "ఉండవే, ఈ వారం ఏం జరిగిందో చెబుతా" అనేది. బొమ్మలో ఆ అమ్మాయి చెయ్యి ఎక్కడుందీ, చూపు ఎటుందీ, గుమ్మం దగ్గర చెప్పులు ఎన్ని జతలున్నాయీ అన్నీ చూసి కథ అల్లి చెప్పేది. అప్పుడు చెయ్యి తీసి చదివేది. చాలాసార్లు సరిగ్గా చెప్పేది. ఎప్పుడైనా తప్పితే ఇంకా సంతోషం. "చూశావా, దొరక్కుండా గీశాడు మహానుభావుడు!" అని పేజీని ముద్దు పెట్టుకున్నంత పని చేసేది.

కథకి బొమ్మ వెయ్యడం అంటే మాటలు కాదండీ. కథంతా చదవాలి. అందులో ఒక్క క్షణం ఏరుకోవాలి. చదివేవాళ్ళని కథలోకి లాగాలి, కానీ గుట్టు విప్పెయ్యకూడదు. ఇదంతా వారం వారం, గడువు లోపల. అది ఎవరికి తెలిసినా తెలియకపోయినా, అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసిన మా అక్కకి తెలుసు.

సరే, పెళ్ళిచూపుల నాడే వీక్లీ వచ్చింది. కిందటి వారం సీరియల్ మంచి పట్టు మీద ఆగింది. కథానాయిక పెట్టె సర్దుకుని, ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా స్టేషనుకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. రైలు వస్తోంది. ఎక్కుతుందా, ఎక్కదా? అక్కడ 'సశేషం' అన్నారు. ఏడు రోజులు అక్కకి అన్నం సయించలేదంటే నమ్మండి. తీరా పత్రిక చేతికొచ్చేసరికి అమ్మ దాన్ని లాక్కుని బియ్యం డబ్బా వెనక పడేసింది. "ముందు తల దువ్వుకో, వాళ్ళొచ్చే వేళయింది."

వచ్చారు. పెళ్ళికొడుకూ, తల్లీ తండ్రీ, మేనత్తా, ఇంకో నలుగురూ. అక్క కాఫీలిచ్చి చాప మీద కూర్చుంది. మేనత్తగారు గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, అందరికీ వినపడేట్టు, "ఒరే అబ్బాయ్, బాపు బొమ్మేరా!" అంది. అంతే, సంబంధం కుదిరిపోయింది. నాన్నగారి మొహం చూడాలి అప్పుడు, మతాబాలా వెలిగిపోయింది. అమ్మ ఆ ఒక్క మాటనీ పదేళ్ళు ఊరంతా చెప్పుకుంది. మూడు వారాల్లో పెళ్ళయిపోయింది.

అత్తవారింట్లో పత్రికలు తెప్పించరు. ఆడవాళ్ళకి నవలల పిచ్చి పడితే సంసారాలు సాగవని మామగారి సిద్ధాంతం. రెండో కాన్పు తర్వాత అక్కకి టైఫాయిడ్ వచ్చింది. జడంతా ఊడి చేతికొచ్చింది. తర్వాత ఒళ్ళు చేసింది. ఆ ఏడు శ్రావణమాసం పేరంటానికి నేను అక్కడే ఉన్నాను. పదిమంది ముత్తయిదువల మధ్య ఆ మేనత్తగారే, "బాపు బొమ్మని చూపించి ఏం అంటగట్టారో చూడండమ్మా" అంది, నవ్వుతూనే. అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. శనగలు పంచుతున్న చెయ్యి ఆపకుండానే నవ్వింది.

ఇప్పుడు చెప్పండి, ఆ మాట ఎవరు నేర్పారు ఆవిడకి? బాపు గారా?

ఆయన గీసిందేమిటో ఒక్కసారి తిన్నగా చూద్దాం. "తెల్లగా, బాపు బొమ్మలా ఉండాలి పిల్ల" అని ఇవాళ్టికీ సంబంధాలు చెప్పేవాళ్ళు అంటూనే ఉంటారు. అయ్యా, ఆ రోజుల్లో కథల బొమ్మలు నల్ల ఇంకుతో వేసే గీతలు. వాటిని జింకు బ్లాకులు చేయించి, న్యూస్‌ప్రింటు మీద అచ్చు కొట్టేవారు. మరి ఆ అమ్మాయి ఒంటి రంగు ఏమిటీ? కాగితం రంగు! అదీ వారం తిరిగేసరికి పసుపురంగు తిరిగే కాగితం. ఆ గీతలో తెలుపూ లేదు, చామనఛాయా లేదు. తెలుపు మీరు తెచ్చి పూశారు. ఇంక రంగులు వేసినప్పుడు ఆయన తనివితీరా వేసుకున్నది ఎవర్నయ్యా అంటే, నీలమేఘశ్యాముణ్ణి! ఆ నల్లనయ్యని ఎన్ని వందలసార్లు గీశారో లెక్క లేదు. ఆ రంగు అల్లుడు కావాలని ఎవరూ అడగగా నేను వినలేదు.

కళ్ళు అంటారు. పెద్ద కళ్ళే. కానీ కళ్ళు దేనికి పెట్టాడండీ ఆయన? చూడ్డానికి పెట్టాడు. ఆ బొమ్మల్లో అమ్మాయి ఊరికే మనకేసి తిరిగి ఫొటోకి కూర్చున్నట్టు కూర్చోదు. ఓరగా మొగుడి వంక చూస్తుంది, వీడి మాటలో ఎంత నిజముందా అని. ముళ్ళపూడి వెంకటరమణ గారి రాధనే తీసుకోండి. గోపాలం ఒకటంటే తను రెండంటుంది. 'బుడుగు'లో రెండుజెళ్ళ సీతా, సీగానపెసూనాంబా ఎలా ఉంటారు? నోట్లో వేలు పెడితే కొరికేట్టుంటారు! మూగదాన్ని ఒక్కదాన్ని చూపించండి చూద్దాం. సినిమాలకొస్తే, 1975 నాటి 'ముత్యాల ముగ్గు'లో అనుమానపడి ఇల్లాలిని పోగొట్టుకున్నది మగవాడు. ఆ సినిమా నుంచి మనం పట్టుకొచ్చింది ముగ్గు ఒక్కటే, అనుమానం సంగతి వదిలేశాం. 1993లో 'మిస్టర్ పెళ్ళాం' తీశారు. ఆవిడ ఆఫీసుకి వెళ్తుంది, మొగుడుగారు ఇంట్లో మిగులుతారు, ఆయనగారి అహం ఎన్ని కుప్పిగంతులు వేసిందో అదే కథ. సంతాపసభల్లో మాట్లాడిన పెద్దమనుషుల్లో ఒక్కరికి అది గుర్తు రాలేదు. సౌకర్యంగా ఉండదు కదా.

నేను ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. కాస్త నిష్ఠూరం ఆయన మీదా ఉంది. గీసిన ఆడవాళ్ళందరికీ ఆ నడుమేమిటి స్వామీ? ముగ్గురు పిల్లల తల్లికీ అదే నడుమా? కార్టూన్లలో మాత్రం పెళ్ళాలు లావెక్కి, మొగుళ్ళు బక్కచిక్కి కనిపించేవారు. నవ్వుకున్నాం, కొన్ని చోట్ల నవ్వి నొచ్చుకున్నాం. అయితే ఆయన గీసినవి కాగితం మీద ఉన్నాయి. పేజీ తిప్పేస్తే పోతాయి. ఆ కాగితాన్ని కొలబద్ద చేసి మా గడ్డాల కింద వేలు పెట్టినవాళ్ళు మీరు.

దీనికి మా పక్కింటావిడ, "మెచ్చుకోలు మాటకి ఇంత రాద్ధాంతమేమిటండీ, నన్నెవరైనా అంటే బాగుండునని నేను చూస్తూంటే!" అంది. ఆవిడ నవ్వుతూ అన్నా, నేను ఆలోచించాను. మెచ్చుకోలే. మా అక్క కూడా ఆ వేళ సిగ్గుపడి మురిసిపోయిందేమో, కాదనను. కానీ ఆ మెచ్చుకోలు అప్పు లాంటిది. ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగే రోజు ఒకటొస్తుంది. జడ ఊడిన నాడు అడుగుతారు.

అసలు సంగతి ఇంకొకటి. బాపు గారు పోతే ఎవరికి పోయిందండీ? రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. 1925లో, ముప్ఫై అయినా రాకుండా పోయిన మనిషి బొమ్మలు అక్కడ గోడల మీద భద్రంగా ఉన్నాయి. మా అమ్మ పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళింది, పెళ్ళిళ్ళకి వెళ్ళింది, చీరలు కొనడానికి వెళ్ళింది. ఆ చిత్రశాల గడప మాత్రం తొక్కలేదు. తొక్కాలని ఆవిడకి తోచలేదు, తీసుకెళ్దామని ఎవరికీ తోచలేదు. ఆవిడ జీవితంలో చూసిన చిత్రకళంతా వంటింటి గడప మీద, మధ్యాహ్నం మూడింటికి, అంట్ల గిన్నెలు నానబెట్టి కూర్చుని చూసిందే. 'యువ' ముఖచిత్రం మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ వస్తే అట్ట జాగ్రత్తగా విప్పి దేవుడి గూట్లో అంటించేది. సీరియల్ అయిపోయాక పేజీలు విడదీసి, వరసగా పేర్చి, బొమ్మ మీద కుట్టు పడకుండా చూసి మరీ బైండు చేయించేది. బైండు కుర్రాడు ఒకసారి అంచు కత్తిరించడంలో ఒక బొమ్మ కింద 'బాపు' అన్న సంతకం సగం ఎగరగొట్టాడని, వాడికి అర్ధరూపాయి తగ్గించి ఇచ్చింది. అలాంటివాళ్ళు ఊరూరా ఎంతమంది ఉండేవారో! ఆయన బొమ్మలకి గోడలు కట్టినవాళ్ళు వీళ్ళు. సంతాపసభ వేదిక మీద ఇలాంటిది ఒక్కర్తయినా ఉందా? "అమ్మా, మీరేం చూశారు?" అని ఎవరైనా అడిగారా? వేదిక మీద ఏడుగురూ మగవాళ్ళే, ఏడుగురూ బాపు బొమ్మ గురించే చెప్పారు.

గొప్పలు చాలు, నా గుట్టు కూడా విప్పుతాను. అమ్మ పోయాక 2003లో తణుకు ఇల్లు ఖాళీ చేశాం. అటక మీద పన్నెండు బైండ్లున్నాయి. చెదలు పట్టలేదు, అమ్మ వేపాకు పెట్టి ఉంచింది. తమ్ముడు పాత పేపర్లవాణ్ణి పిలిచాడు. "తీసుకెళ్తావా అక్కా?" అని నన్ను అడిగాడు కూడా. అపార్టుమెంటులో చోటేదిరా అన్నాను. అన్నది నేనే. వాడు తక్కెడలో వేశాడు. అంచేత ఆ ఆదివారం టీవీ ముందు కూర్చుని నేను ఏడవలేకపోయిన మాట నిజం. కోపం ఎప్పుడూ ఏడుపు కంటే సులువు.

ప్రభుత్వాలని తిట్టి ప్రయోజనం లేదు. 2013లో పద్మశ్రీ ఇచ్చారు, డెబ్బై తొమ్మిదో ఏట, అదీ తమిళనాడు జాబితాలో. నరసాపురంలో పుట్టిన మనిషికి! దానిమీద మంచి జోకు వెయ్యగల రమణ గారు 2011లోనే వెళ్ళిపోయారు. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఆయన జయంతికీ వర్ధంతికీ ఇప్పటికీ అదే తంతు. చీరలకి 'బాపు బొమ్మ' పేరు, నగలకి ఆ పేరు, పెళ్ళికూతుళ్ళని ఆ బొమ్మలా ముస్తాబు చేసే అలంకరణలు. మొన్న మా మనవరాలి స్నేహితురాలు అలా ముస్తాబై ఫొటో దిగింది. బాగుందమ్మా అన్నాను, బాగుంది కనక. "బాపు అంటే ఎవరు అమ్మమ్మా? చీరల కొట్టా?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక అమరావతి కథల పుస్తకం తీసి చేతిలో పెట్టాను. శంకరమంచి సత్యం గారి కథలూ, బాపు గారి బొమ్మలూ. "ముందు అక్షరాల మీద చెయ్యి పెట్టి బొమ్మ చూడు, ఏం జరిగిందో చెప్పు" అన్నాను. మొదటిది తప్పు చెప్పింది. రెండోదీ తప్పే. మూడో బొమ్మ దగ్గర ఫోను పక్కన పెట్టేసి, సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

ఆ ఆదివారం రాత్రి సంగతి మధ్యలో వదిలేశాను. తొమ్మిదింటికి అక్క ఫోను చేసింది.

"పోయార్టే" అంది.

"అవునే."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఫోన్లోంచి వాళ్ళింట్లో టీవీ వినపడుతోంది. అక్కడా అదే మాట, అదే కట్టూ అదే బొట్టూ. అక్క లేచి కట్టేసినట్టుంది, చప్పుడు ఆగిపోయింది.

"నిన్నొకటి అడుగుతాను. నా పెళ్ళిచూపుల నాడు వీక్లీ వచ్చింది, గుర్తుందా? అమ్మ లాగేసుకుంది."

"బియ్యం డబ్బా వెనక పెట్టింది."

"నువ్వు చూశావు కదూ? నాకు తర్వాత కుదరనే లేదు. ఎవరినో అడగాలనుకుంటూనే ఉన్నాను. ఆ వారం బొమ్మేమిటే?"

నలభై ఒక్క ఏళ్ళు! ఆ సీరియల్ పేరు నాకు గుర్తు లేదు. కథానాయిక పేరూ గుర్తు లేదు. కానీ వాళ్ళంతా సావిట్లో మినపసున్ని తింటూ అక్క మొహం పరీక్ష చేస్తున్నప్పుడు, నేను వంటింట్లో నేల మీద బోర్లా పడుకుని ఆ పేజీయే చూస్తున్నాను.

"రైలు కిటికీ. అడ్డంగా ఊచలు. లోపల జడ వెనక నుంచి కనిపిస్తుంది, అంతే. మొహం వెయ్యలేదు."

"బయట బెంచీ ఉందా?"

"ఉంది. ఖాళీగా ఉంది."

అక్క ఊపిరి వినపడింది. తర్వాత, అరుగు మీద కూర్చున్నప్పటి గొంతుతో, "అయితే ఎక్కిందన్న మాట" అంది.